పోర్చుగల్ రాతి ఇల్లు, నాచారం కరెంటు స్తంభం

నాచారం మెయిన్ రోడ్డు మీద మా బాపు స్టీలు గిన్నెల దుకాణం పక్కన ఒక కరెంటు స్తంభం ఉండేది. దుకాణం గడప నుంచి ఆ స్తంభానికి పన్నెండు అడుగులు. ఈ లెక్క కరెంటు ఆఫీసువాళ్లకు తెలియకపోవచ్చు గానీ మా ఇంట్లో అందరికీ తెలుసు. ధర కుదరని గిరాకీ "వద్దులే" అని లేచి నడక మొదలుపెడితే బాపు వెంటనే పిలిచేవాడు కాదు. తల వంచుకుని గిన్నె మీద లేని దుమ్ము తుడిచేవాడు. పదో అడుగు పడ్డాక, తల ఎత్తకుండానే, "అక్కా, జర ఇటు రా" అనేవాడు. పదో అడుగుకు ముందే పిలిస్తే మన లాభం పోయినట్టు. స్తంభం దాటాక పిలిస్తే మన పరువు పోయినట్టు. ఆ అక్క కూడా తొమ్మిదో అడుగు నుంచి చెప్పు సరిచేసుకుంటూ మెల్లగా నడిచేది. ఇద్దరికీ అంతా తెలుసు. అయినా ఇద్దరూ ఏమీ తెలియనట్టే ఉండేవాళ్లు. నేను అక్షరాల కన్నా ముందు ఆ పది అడుగులు నేర్చుకున్నాను.

బాపు దగ్గర ఇంకో సూత్రం ఉండేది. "పిలవకుండ తనంతల తాను వాపస్ వచ్చిన గిరాకీకి పైస తగ్గియ్యొద్దు బిడ్డా. వచ్చిండంటేనే మనసు పడ్డడని లెక్క."

ఈ చదువుతో నేను పెద్దదాన్నయ్యాను. చుట్టాలు చీరలు కొనడానికి, బంగారం కొనడానికి నన్ను తోడు తీసుకుపోయేవాళ్లు. లేచి నడవడంలో నాకు కొంచెం పేరుండేది. ఏఎస్ రావు నగర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర, నోరు సగం తిమ్మిరెక్కి ఉండగా, పన్ను తొడుగు ధర విని కుర్చీలోంచి లేచి నడిచాను. మాట సరిగా రాక "వద్దులే" అన్నది "వన్నులే" అని వచ్చింది. అయినా అర్థమైంది. బయటి తలుపు దాకా పోకముందే పిలిచారు.

మా ఆయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆటో ఎక్కేముందు ఎంత అని అడగడు, దిగాక అడుగుతాడు. అడిగినంత ఇచ్చి, పైగా థాంక్స్ చెబుతాడు. పెళ్లయిన కొత్తలో దీన్ని మంచితనం అనుకున్నాను. తర్వాత జబ్బు అనుకున్నాను. కొన్నాళ్లకు, ఇద్దరిలో ఒక్కరు బేరమాడితే చాలు కదా అని ఊరుకున్నాను. ఆయన సంచి పట్టుకుని నా వెనక నడిచేవాడు. నేను లేస్తే లేచేవాడు, నన్ను పిలిస్తే ఆయన కూడా తిరిగి వచ్చేవాడు.

ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. కంట్రోల్ ప్యానెళ్లు తయారయ్యాక సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసే పని. పెళ్లయ్యాక మేం బాపు దుకాణం పైన ఉన్న రెండు గదుల్లో దిగాం. కొన్నాళ్లే అనుకున్నాం. ఆ కొన్నాళ్లు పద్దెనిమిదేళ్లయ్యాయి. సరిగ్గా మా మంచం కింద, దుకాణంలో, గిన్నెల మీద పేర్లు కొట్టే మిషన్ ఉండేది. పెళ్లికి గిన్నెలు కొన్నవాళ్లు పేరు, ఊరు కొట్టించుకోకుండా పోరు. జిర్ర్ మని మొదలై, పేరు పొడుగును బట్టి సాగేది. మధ్యలో గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టే చప్పుడు, పళ్లెం చేతిలోంచి జారి గిర్రున తిరిగి తిరిగి ఆగే చప్పుడు. ఆయనకు ఆదివారమే సెలవు. మాకు ఆదివారమే గిరాకీ. ఆదివారాలు ఆయన చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదివేవాడు. చెవిపోటేమో అని నేను వెల్లుల్లి వేసి నూనె కాచి ఇచ్చాను. మాట్లాడకుండా పోసుకున్నాడు.

మాకు జాగ లేక కాదు. ఉప్పల్‌లో రెండు వందల గజాలు ఉంది. నేనే కొన్నాను, మూడుసార్లు లేచి నడిచి. కానీ కట్టలేదు. పోచారం వైపు కంపెనీలు వస్తున్నాయన్న మాట పుట్టగానే దాని ధర ఎక్కడం మొదలైంది. ధర ఎక్కుతున్న సరుకును ఎవరైనా వాడుకుంటారా? ఏటా ఒకసారి పోయి, హద్దు రాళ్లు ఉన్నాయో లేదో చూసి, తుమ్మ మొలకలు పీకించి వచ్చేవాళ్లం. ఆయన ఆ ఖాళీ జాగలో ఒక మూల నిలబడి, "ఇక్కడ పడకగది అయితే రోడ్డు చప్పుడు రాదు" అనేవాడు. "ఇంకో ఏడు ఆగుదాం, ఇంకా పెరుగుతది" అనేదాన్ని నేను.

రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో, వాళ్ల కంపెనీ ప్యానెళ్లను పోర్చుగల్‌లో ఒక ఫ్యాక్టరీవాళ్లు కొన్నారు. వాటిని బిగించి, నడిపించి, అక్కడివాళ్లకు నేర్పడానికి ఆయనను ఏడాదిన్నర పంపారు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ఏం తిన్నావంటే అన్నం, ఎట్లున్నదంటే మంచిగున్నది, అంతే. ఒక ఆదివారం మాత్రం ఆయనే మొదలుపెట్టాడు.

"ఇక్కడ ఒక ఇల్లు సూశ్న."

"అద్దెకా?"

"కొననీకె."

లైను బాగాలేదనుకున్నాను. కింద ఎవరిదో పొడుగాటి పేరు కొడుతున్నారు. "ఏం కొననీకె?" అని అరిచాను.

"ఇల్లు. రాళ్లతోటి కట్టింది. పాతది, మంచిగ బాగుచేసిన్రు. ఫ్యాక్టరీ కాడికెల్లి గంట దూరం, పల్లెటూరు." నేనేమీ అడగకముందే, "నాకు కావాలె."

పద్దెనిమిదేళ్లలో ఆయన నోట 'నీ ఇష్టం' విన్నాను, 'ఏదైనా సరే' విన్నాను, 'చాలు' అయితే రోజుకు మూడు పూటలా విన్నాను. 'కావాలె' వినలేదు. ధర చెప్పాడు. మనసులో రూపాయల్లోకి మార్చి చూశాను. సరిగ్గా మా ఉప్పల్ జాగ ధర. తుమ్మ మొలకలున్న రెండు వందల గజాలు అక్కడ ఇల్లు, బావి, అక్రోట్ చెట్లతో కలిపి దగ్గరదగ్గర ఎకరానికి సమానం. లెక్కలో ఎక్కడో తప్పుందని రెండోసారి వేశాను. తప్పు లెక్కలో లేదు, ఉప్పల్‌లోనో పోర్చుగల్‌లోనో ఉంది.

కిందికి దిగి బాపుకు చెప్పాను.

"ఎన్ని గజాలు?" అన్నాడు.

"వాళ్లు గజాల్ల చెప్పరు బాపు. చెట్లు గిట్ల కలిపి ఎకరం కాడికి ఉంటదట."

"ఏ ముఖం?"

"తెల్వది."

"ముఖం తెల్వకుండ ఇల్లెట్ల కొంటరు? గోడలు దేనివి?"

"రాయివి."

బాపు కాటా మీది గిన్నె దించి పక్కన పెట్టాడు. "బిడ్డా, మా అయ్య రాతిగోడల ఇంట్ల పుట్టిండు. ఆ గోడలల్ల తేళ్లుంటయని మంచం కాళ్లను నీళ్ల గిన్నెలల్ల పెట్టుకొని పండేటోడు. నేను సిమెంటుతోని కట్టినంకనే ఆయనకు నిద్ర పట్టింది. ఇప్పుడు నువ్వు సిమెంటు ఇల్లు ఇడిసిపెట్టి, ఇమానం ఎక్కి పోయి, రాతిగోడలు కొంటవా?"

"ఆయనకు కావాల్నట."

బాపు నావైపు చూశాడు. "అల్లుడు అడిగిండా? తన నోటితోని?"

"అడిగిండు."

బాపు కాటా వదిలి లేచాడు. లోపలికి పోయి, పాలు పొంగించడానికి సరిపోయే మందపాటి గిన్నె ఒకటి ఏరి తెచ్చి, మిషన్ మీద తనే కూర్చుని మా ఆయన పేరు కొట్టాడు. పేరు కొట్టిన గిన్నె మా దుకాణంలో వాపస్ తీసుకోరు. ఆ గిన్నె నా చేతిలో పెట్టి అన్నాడు, "పో. సగం నుంచి మొదలువెట్టు."

ఉప్పల్ జాగకు ఒక గిరాకీని చూసి పెట్టుకుని, బ్యాంకులో అడిగి డబ్బు పంపవచ్చని రూఢి చేసుకుని, అక్టోబరులో నెల రోజులకని బయలుదేరాను. విమానం దిగి, అక్కడ రైలెక్కి పోతే ఆయన రైల్వే స్టేషన్‌కు వచ్చాడు. సన్నబడ్డాడు గానీ, నేను మెల్లగా మాట్లాడినా వినిపిస్తోంది ఆయనకు. చెవుల్లో దూది లేదు.

మర్నాడు బస్సులో ఆ ఊరికి పోతుంటే ఆయనకు పాఠం చెప్పాను. "ఇగో, మనకు నచ్చిందని ఆమెకు తెల్వొద్దు. కడుపునొప్పి వచ్చినోని లెక్క మొకం పెట్టున్రి." సరేనన్నాడు.

ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి, బడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయింది. ఆ ఇల్లు వాళ్ల మేనత్తది. పైకప్పు కూలి, లోపల మేకలు తిరిగేదట. మేస్త్రీని పెట్టుకుని, పడిపోయిన రాళ్లను ఏ గోడవి ఆ గోడకు ఏరించి, ఆరేళ్లు పట్టి నిలబెట్టింది. మోకాళ్లు పోయాయి, ఇక మెట్లెక్కలేను, పట్నంలో చెల్లెలి దగ్గరికి పోతాను అని చెప్పింది. తలుపు తీయగానే మా ఆయన మొహం చూసి కంగారుపడి, "ఆయనకు ఒంట్లో బాగాలేదా? మందు ఏమైనా ఇవ్వనా?" అంది. కడుపునొప్పి అంత బాగా నటించాడు.

గుమ్మం పైరాయి కిందికి ఉంది. నా నెత్తికి తగిలింది. మా ఆయన మాత్రం చూడకుండానే తల వంచి లోపలికి పోయాడు. ఎన్నిసార్లు వచ్చాడో అప్పుడు అర్థమైంది. ఆమెకూ అర్థమై ఉంటుంది. బేరం అక్కడే సగం పోయింది.

గోడలు మూరన్నర మందం. మన మౌలాలి గుట్ట రాయి లాంటిదే, కాకపోతే నాచు పట్టి ఉంది. కిటికీ దగ్గర ఆ మందంలోనే, అటూ ఇటూ ఎదురెదురుగా రెండు రాతి పీటలు తొలిచారు, ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి. మా ఆయన పోయి ఒక పీట మీద కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ కూర్చునే చోటు అదేనని తెలుస్తోంది.

"ఇట్రా, ఎదురుంగ కూసో," అన్నాడు. "ఇను."

కూర్చున్నాను. "ఏం ఇనాలె?"

"ఏం లేదు. గదే."

నిజంగానే ఏమీ లేదు. నాకు చెవులు గుయ్‌మన్నాయి. చిన్నప్పటి నుంచి గిన్నెల చప్పుడులో పెరిగినదాన్ని, ఎక్కడో కరెంటు పోయిందేమో అనిపించింది. ఆయన మొహంలో కడుపునొప్పి ఎప్పుడో పోయింది. నేను కళ్లతో సైగ చేశాను. చూడలేదు.

బేరానికి మొదటి మెట్టు సరుకులో లోపం చెప్పడం. గిన్నెను వేలి కణుపుతో కొట్టి "బరువు లేదు" అన్నట్టు, గోడను కొట్టాను. వేలు నొప్పి పెట్టింది. తలుపు దక్షిణానికి ఉంది, మా దగ్గర ఇట్లాంటి ఇల్లు ఎవరూ కొనరు అన్నాను. ఆమె శ్రద్ధగా విని, "నిజమే, మధ్యాహ్నం ఎండ లోపలికి వస్తుంది, చలికాలం హాయిగా ఉంటుంది" అంది. కిటికీలు చిన్నవన్నాను. చిన్నవే అంది. పాత ఇల్లు కదా అన్నాను. "చాలా పాతది," అంది సంతోషంగా. అక్కడితో ఆగలేదు. నేను చూడని లోపాలు తనే చెప్పడం మొదలుపెట్టింది. తూర్పుగాలి వీస్తే పొయ్యి పొగ ఇంట్లోకే వస్తుందట. ఆగస్టులో బావి నీళ్లు అడుగంటుతాయట. మెట్లలో నాలుగోది కదులుతుందట. అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టింది, అది నా చేతికిచ్చింది.

నలభై ఏళ్ల అనుభవంలో ఇట్లాంటి దుకాణదారును చూడలేదు. తన సరుకులో లోపం తనే చెబుతోందంటే ఇంతకన్నా పెద్దదేదో దాస్తోందని మా బజారు న్యాయం. దయ్యం ఉందేమోనని కూడా అనుమానించాను.

"లాస్ట్ ఎంత?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "లాస్ట్ ఏమిటి?"

"ఆఖరి ధర."

"ధర చెప్పాను కదా."

"అది మొదటిది. ఆఖరిది?"

ఆమె ఆలోచించి, "రెండూ అదే," అంది.

"రిపేరు చేసిన ఇల్లు కదమ్మా," అన్నాను, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో. "మాటు పడ్డ బిందెకు కొత్త బిందె ధర అడుగుతారా?" మాటు అంటే చిల్లికి వేసే అతుకు అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది, చేతులతో, పక్కనున్న కూజాతో. చివరికి ఆమె నవ్వింది. "కొత్త ఇల్లయితే ఇంత అడిగేదాన్ని కాదు. ఇది మళ్లీ నిలబెట్టింది కాబట్టే ఆ ధర," అంది.

నేను సగం చెప్పాను.

మా దగ్గర సగం చెబితే అవతలివాడు గుండె పట్టుకుంటాడు, "పొద్దుగాల నువ్వే దొరికినవా అక్కా" అంటాడు, గిన్నె లాక్కుని అరలో పెడతాడు. అక్కడి నుంచి అసలు మాట మొదలవుతుంది. ఈమె ఇవేవీ చేయలేదు. నా చీర వైపు, మా ఆయన బూట్ల వైపు మెల్లగా చూసింది. "మీ దగ్గర ఉన్నది అంతేనా?" అంది, చాలా మృదువుగా. తర్వాత వంటింట్లోకి పోయి, ఒక కాగితం సంచి నిండా అక్రోట్‌కాయలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ధర తగ్గించమంటే జాలిపడింది. బాపు చెప్పిన పాఠాల్లో దీనికి జవాబు లేదు.

దాంతో నేను నాకు బాగా వచ్చిన పని చేశాను. "చాలా ఎక్కువ. మాకు వద్దు," అని లేచాను. అక్రోట్ల సంచి పట్టుకునే లేచాను. మా ఆయన కిటికీ పీట మీది నుంచి నన్ను చూశాడు. అప్పుడు ఆయన కూర్చునే ఉండి ఉంటే ఏమయ్యేదో. ఆయన లేచాడు, అలవాటుగా, సంచి అందుకుని నా వెనక నడిచాడు.

ఇంటి నుంచి గేటుకు కిందికి దిగే రాళ్ల బాట. స్తంభం లేదు కాబట్టి గేటునే స్తంభం అనుకున్నాను. పదో అడుగు పడింది. ఏమీ లేదు. దూరం ఎక్కువ కాబట్టి ఇరవై అనుకుందాం అనుకున్నాను. ఇరవై. వంగి చెప్పు సరిచేసుకున్నాను, చెప్పు బాగానే ఉంది. గేటు గడియ తీయడానికి ఎంతసేపు పట్టించవచ్చో అంతసేపు పట్టించాను. అప్పుడు వెనక నుంచి పరుగులాంటి నడక, "ఆగండి, ఆగండి!" అని కేక. నా గుండె పొంగింది. మోకాళ్లు బాగాలేని మనిషి, పాపం, అయినా వస్తోంది. వెనక్కి తిరగకుండా ఒక్క క్షణం ఆగాను. దుకాణంలో బాపు ముందు నిలబడ్డట్టే ఉంది.

ఆమె ఆయాసపడుతూ వచ్చి మా ఆయనకు గొడుగు ఇచ్చింది. "మర్చిపోయారు. సాయంత్రం వాన ఉంది," అంది. మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపి, క్షేమంగా వెళ్లమని చెప్పి, మళ్లీ మెల్లగా పైకెక్కి పోయింది.

బస్సు గంటన్నరకు గానీ లేదు. బస్టాపు సరిగ్గా ఆ ఇంటి కిందే. అక్కడి బెంచీ మీద కూర్చుంటే ఆ కిటికీ కనిపిస్తుంది. గంటన్నరా నేను ఆ కిటికీనే చూశాను. ఒకసారి ఆమె వచ్చి నిలబడింది. చెయ్యి ఊపింది. వాన గాలి మొదలైతే కిటికీ మూసింది.

"ఇక్కడ వాపస్ పిలవరు," అన్నాడు మా ఆయన.

"ఎందుకు పిలవరు?"

"వద్దన్నవు గద. వద్దంటే వద్దనే అనుకుంటరు."

"మీకు ముందుగాల్నే తెల్సా?"

"తెల్సు. కూరగాయల కాడ సూశ్న."

"మరి జెప్పొద్దా?"

"నువ్వు బేరంల ఉన్నవు గద."

"నా ఎనకనే ఎందుకు లేచిన్రు మరి?"

ఆయన గొడుగు పిడి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. "పద్దెనిమిదేండ్ల సంది లేస్తున్న," అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. అడిగిన దానికి జవాబు, అంతే. గొడుగు బెంచీకి ఆనించి, "వాపస్ పోయి అడుగుదమా?" అన్నాడు.

ఇంకా అరగంట టైముంది బస్సుకు. పైకెక్కితే అయిదు నిమిషాలు. తనంతట తాను వాపస్ వచ్చిన గిరాకీకి పైసా తగ్గదు అన్న సూత్రం నా కాళ్లకు అడ్డం పడింది. "ఒక వారం ఉడకనిద్దాం," అన్నాను. "ఆమెనే ఫోన్ చేస్తది సూడున్రి."

వారం ఉడికింది నేనే. ఎనిమిదో రోజు ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలతో వేలు వేలూ తుడుచుకుంటూ అన్నాడు, "ఫోన్ చేసిన. ఇల్లు అమ్ముడువోయిందట."

నా నోట వచ్చిన మొదటి మాట ఇది: "ఎంతకు?"

"ఆమె చెప్పలే. నేను అడగలే."

ఆమె ఇంకొక మాట అన్నదట. మీ భార్య అంత గట్టిగా వద్దనేసరికి మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదనుకున్నాను, మీరు ఆ కిటికీలో కూర్చునేవారు కదా, ఇంకొక్కసారి అడిగి ఉంటే కొంత చూసుకుని ఇద్దామనే అనుకున్నాను, అని. అంటే ధర తగ్గడానికి సిద్ధంగానే ఉంది. నేను గేటు దాకా నడిచి సంపాదించాలనుకున్నది, ఇంకొక్క మాట మాట్లాడితే దొరికేది. ఆ రాత్రి అక్రోట్‌కాయలు పగలగొట్టి ఇద్దరం తిన్నాం. చాలా బాగున్నాయి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మాటకు మాట నేను అందిస్తాను, అందులో నాకు శిక్షణ ఉంది. గొడవ పెట్టుకోని మనిషితో బేరం కుదరదు.

నాచారం వచ్చాక నా పెట్టె విప్పింది బాపే. పెట్టెలోంచి ఆ గిన్నె తీసి, కొట్టిన పేరు కనిపించకుండా గోడ వైపు తిప్పి అటక మీద పెట్టాడు. ఏడాది తర్వాత మా ఆయన తిరిగి వచ్చాడు. మొదటి ఆదివారం పొద్దున, కింద మిషన్ మొదలుకాకముందే, సొరుగులోంచి దూది తీసుకున్నాడు. నేను వెల్లుల్లి నూనె కాచలేదు.

ఉప్పల్ జాగకు వచ్చిన గిరాకీని పంపించేశాను. ధర ఇంకా ఎక్కుతూనే ఉంది. అయినా ఇల్లు మొదలుపెడదాం అన్నాను, పడకగది ఆయన నిలబడే మూలలోనే. ఇంతలో తెలంగాణ ఉద్యమం, బందులు, ఇసుక లారీలు రాని నెలలు. పునాది వేసి ఒక ఏడు ఆగాం, పిల్లర్లు లేపి ఇంకో ఏడు ఆగాం. ఇంటికి గోడలు లేచే నాటికి ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ఎంత లావు స్తంభాలో. అంత స్తంభం దాకా ఎవడు నడుస్తాడు, ఎవడు పిలుస్తాడు అనుకునేదాన్ని, బస్సులో పోతూ.

అప్పుడు లాలాపేట్‌లో ఒక పాత రాతి ఇల్లు కూలగొడుతున్నారని తెలిసింది. రాళ్లు అమ్ముతారట. పడకగది బయటి గోడ వరకు రాతితో కట్టించవచ్చని మేస్త్రీ చెప్పాడు. మా ఆయనకు చెబితే, "నీ ఇష్టం," అన్నాడు. తీసుకుని పోయాను. ఒక గట్టి నిర్ణయంతో పోయాను: అడిగినంత ఇచ్చేస్తాను, నోరెత్తను.

కూలగొట్టే కాంట్రాక్టు తీసుకున్న ముప్పై ఏళ్లతను దుమ్ములో నిలబడి ఉన్నాడు. ఒక కిటికీ గోడ ఇంకా నడుము ఎత్తున మిగిలి ఉంది, పైన కిటికీకి పరిచిన అడుగురాయితో సహా. మా ఆయన అటు నడిచాడు.

"మొత్తం రాయికి ఎంతన్నా?" అన్నాను. చెప్పాడు.

"సరే," అన్నాను.

అతను చెవిలో వేలు పెట్టి దుమ్ము తీసుకున్నాడు. "ఏందమ్మా?"

"సరే అంటున్న. ఇస్త."

"బేరం చెయ్యవా?"

"చెయ్య."

అతని మొహంలో సంతోషం రాలేదు. అనుమానం వచ్చింది. రాళ్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒకదాన్ని కాలితో పొర్లించి అడుగున చూశాడు. "వీట్ల ఏమన్న ఉన్నదామ్మా? ఎవలన్న చెప్పిన్రా మీకు?"

"ఏం లేదన్నా. గోడ కట్టుకోనీకె."

"ఆగున్రి జర. మా బావను అడిగి చెప్త." ఫోన్ పట్టుకుని పక్కకు పోయాడు, చేయి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు, వచ్చాడు. ధర నాలుగో వంతు పెరిగింది. "రాష్ట్రం వస్తున్నదమ్మా. ఇగ రాయికి మస్తు డిమాండు," అన్నాడు.

రాష్ట్రానికీ రాయికీ సంబంధం ఏమిటో అడగాల్సింది. ఒళ్లు మండింది. పోర్చుగల్‌లో బేరమాడి పోగొట్టుకున్నాను, లాలాపేట్‌లో బేరమాడక పోగొట్టుకుంటున్నాను. "వద్దులే," అన్నాను. అనకముందే నా కాళ్లు తిరిగాయి. ఎదురుగా, దేవుడు పెట్టినట్టు, ఒక కరెంటు స్తంభం.

ఆరు, ఏడు, ఎనిమిది. ఎక్కడో తేడాగా ఉంది. తొమ్మిదో అడుగు దగ్గర తెలిసింది. వెనక మా ఆయన చెప్పుల చప్పుడు లేదు.

తల తిప్పి చూశాను, బజారులో ఎప్పుడూ చేయని పని. ఆయన ఆ మిగిలిన కిటికీ గోడ అడుగురాయి మీద కూర్చుని ఉన్నాడు. లారీల హారన్లు, బండరాయి మీద సమ్మెట, పైన ఫ్లైఓవర్ మీది బస్సులు, ఇంత చప్పుడులో. లేచే మనిషిలా లేడు. కాంట్రాక్టరు కూడా ఆయన్నే చూస్తున్నాడు, చిన్నగా నవ్వుతున్నాడు. అతనికి తెలిసిపోయింది. నేను స్తంభం దాకా కాదు, ఉప్పల్ దాకా నడిచినా ఇక పైసా తగ్గదు.

"ఇగో," అని మా ఆయన పిలిచాడు. ఇన్నేళ్లలో ఎంతోమంది దుకాణదారులు నన్ను వెనక్కి పిలిచారు, ఈయన పిలవడం మొదటిసారి. "వాపస్ రా. నాకు కావాలె."

స్తంభం ఇంకా మూడు అడుగుల దూరంలో ఉంది. వెనక్కి వచ్చాను.

"పెంచినంతనే ఇస్తగానీ," అన్నాను కాంట్రాక్టరుతో, "బండికి ఎక్కిచ్చుడు నీదే."

"గదెట్లమ్మా, గది వేరే—"

"ఎక్కిచ్చుడు నీదే."

అతను మా ఆయన వైపు చూశాడు, సాయం చేస్తాడేమోనని. ఆయన ఎటో చూస్తున్నాడు. "సరె తీయమ్మా," అన్నాడు. మిగతా రాళ్లన్నీ బండెక్కాక, ఆయన కూర్చున్న ఆ గోడ ముక్క, దాని మీది అడుగురాయి మిగిలాయి. కూలీలు వచ్చి పక్కన నిలబడితే అప్పుడు లేచాడు మా ఆయన.